పన్నెండో కుర్చీ తుండు

సౌరిపేటలో పెద్ద బేస్తవారం నాడు పొద్దుగూకక ముందే పదకొండు ఇండ్లల్లో కాళ్ళు తోముతారు. నవ్వకుండా వినాల మీరు. సాయంత్రం గుడిలో సామి కాళ్ళు కడగబోతాడు గదా, ఆయన చేతికి మురికి అంటకూడదని పదకొండు మంది మొగోళ్ళు ఇంటికాడే సబ్బు పెట్టి, మడమలు రాయితో రుద్ది, గోళ్ళు తీసుకోని, కొత్త పంచ కట్టుకోని బయల్దేరతారు. ఆ కాళ్ళ మీద ఫాదర్ చెంబుతో నీళ్ళు పోస్తే, కింద పళ్ళెంలోకి దిగే నీళ్ళు చెంబులో ఎట్లుండినాయో అట్లనే ఉంటాయి, తాగినా తాగొచ్చు. ఈస్టరుకు ముందొచ్చే బేస్తవారం, ఏసుసామి తన పన్నెండు మంది శిష్యుల కాళ్ళు కడిగిన సాయంత్రాన్ని తలుచుకునే పూజ అది. దుమ్ము కాళ్ళు కడిగిన సామి ముందర కడిగిన కాళ్ళు తెచ్చి చాపే తెలివి మా పక్క కథోలికులకే ఉండాది.

తిరుత్తణి నుంచి కే.జీ.కండిగై పోయే బస్సు దిగి లోపలికి రెండు మైళ్ళు నడిస్తే సౌరిపేట. చుట్టుపక్కల నేతోళ్ళంతా తిరుత్తణి కొండకు కావడెత్తేవాళ్ళు. ఈ ఒక్క ఊరి నేతోళ్ళు మాత్రం నాలుగు తరాలుగా మరియమాత గుడికి పోతారు. పడమట వాళ్ళ వీధి, తూర్పున దళితుల కాలనీ. మగ్గాలు వీధిలో ఉంటే, ఆ మగ్గాలకు నూలు కండెలు చుట్టే రాట్నాలు కాలనీలో ఉండాయి. నడిమధ్యలో గుడి. అందరికీ అదే గుడి, అదే సామి, అదే రొట్టె. కుర్చీల కాడికి వచ్చేసరికే లెక్క మారిపోతాది.

ఆ లెక్క చెప్తా. వీధిలో పదకొండు ఇండ్లకు పదకొండు మంది శిష్యుల పేర్లుండాయి, ఆస్తి మాదిరిగా తండ్రి నుంచి కొడుక్కొస్తాయి. పంగు పెద్ద, అంటే గుడి సంఘానికి పెద్ద, రాజమాణిక్యం ఇంటిది మొదటి శిష్యుడు పేతురు కుర్చీ. ఆ పక్కది అంద్రెయ, ఆ పక్కది యోహాను. ఏ ఇంటి తుండు ఆ ఇంటి మగ్గం మీదే నేస్తారు, అంచులో శిష్యుడి పేరు అరవ అక్షరాల్లో ఎక్కిస్తారు, కడిగిన కాళ్ళు సామి ఆ తుండుతోనే తుడిచి ఇస్తాడు. మరి పన్నెండో వాడెవడు? ఏసుసామిని శత్రువులకు అమ్ముకున్న యూదాసు. ఆ కుర్చీలో వీధిలో ఒక్కడూ కూచోనన్నాడు. అప్పుడెవరో పెద్దమనిషికి తెలివి పుట్టింది, అది కాలనీకిద్దాం అని. పుణ్యానికి పుణ్యం, అడిగినోళ్ళకు మీకూ ఒక కుర్చీ ఉండాది గదా అని చెప్పుకోవచ్చు. ఆ తుండు కూడా వీధే నేసి, యూదాసు పేరు ఎక్కించి, ధర్మంగా ఇస్తాది.

కాలనీ తరఫున ఆ కుర్చీలో ముందు చిన్నప్ప వాళ్ళ నాయన కూచున్నాడు, ఆయన పోయినాక చిన్నప్ప ఇరవై ఆరేండ్లు కూచున్నాడు. పోయిన క్రిస్మస్‌కు ముందు చిన్నప్ప గుండెనొప్పితో పోయినాడు. ఆయన పెండ్లాం వజ్రమ్మ. ఈ కథ ఆయమ్మదే.

వజ్రమ్మకు యాభై ఆరేండ్లు. నలభై ఏండ్లుగా కండెలు చుట్టిన చెయ్యి, వేళ్ళ సందుల్లో నూలు కాట్లు. గుడి ఊడ్చేది, పూలు మార్చేది, మేలుకొలుపు గంట కొట్టేది ఆయమ్మే. జపమాల చేతిలో లేకుండా నిద్రపోదు. కోపమొస్తే గొంతు పెద్దది చేసే మనిషి గాదు, ఇంకా చిన్నది చేస్తాది. ఆ గొంతు చిన్నదైతే చిన్నప్ప కూడా భయపడేవాడు.

తవక్కాలం మొదలైన ఆదివారం, అంటే ఈస్టరుకు ముందు నలభై రోజుల ఉపవాసాల్లో మొదటి ఆదివారం, రాజమాణిక్యం కాలనీకి వచ్చినాడు. వాకిట్లో నిలబడినాడు, స్టూలు వేసినా కూచోలేదు.

"ఏమ్మా వజ్రమ్మా, చిన్నప్ప కుర్చీ సంగతి. మీవాళ్ళల్లో ఒక మొగోణ్ణి చూసి చెప్పండి. తుండు నెయ్యాల గదా" అన్నాడు.

"మొగోడే కావాల్నా అన్నా?"

"మరి?"

"ఆడోళ్ళ కాళ్ళు కూడా కడగొచ్చని రోమ్ నుంచి కాయితమొచ్చి పదేండ్లు కావస్తా ఉండాదంట. మా బిడ్డ జనని చెప్పింది. ఆయప్ప కుర్చీలో నేను కూచుంటా."

రాజమాణిక్యం గడ్డం గోక్కున్నాడు. వీధిలో ఇంతవరకు ఏ ఆడమనిషీ కూచోలేదు, కూచుంటానని అడగనూ లేదు. అయినా ఇది ఆ కుర్చీ గదా, దాంట్లో ఎవరు కూచుంటే వాళ్ళకేం పోయింది. సామిని అడిగి చెప్తానని పోయినాడు. సామి అంటే ఫాదర్ దినకర్, ఆరంబాక్కం చేపలోళ్ళ బిడ్డ, ముప్పై మూడేండ్ల వాడు, ఈ పంగుకొచ్చి ఎనిమిది నెలలే. ఆయన సంతోషంగా సరే అన్నాడు. వారం తిరక్కముందే రాజమాణిక్యం మళ్ళీ వచ్చినాడు.

"కూచోమ్మా. సామి ఒప్పుకున్నాడు."

"మంచిదన్నా. కుర్చీ సరే, పేరు మాత్రం వద్దు."

"ఏం పేరు?"

"మీకు తెలుసు గదా. ఆ పేరు పిలిస్తే నేను రాను. ఆ పేరు నేసిన తుండు నా కాళ్ళకు వద్దు."

"పేరు లేకుండా కుర్చీ యాడుంటాదమ్మా? మా తాతల కాలం నుంచి పన్నెండు పేర్లు పిలుస్తా ఉండాము." రాజమాణిక్యం చెడ్డోడేం గాదు. చదువుకున్నోడు, సువార్త నాలుగూ నోటికి వచ్చినోడు. అందుకే మెత్తగా చెప్పబోయినాడు. "ఏసుసామి యూదాసు కాళ్ళు కూడా కడిగినాడు గదా. అది కూడా గౌరవమే అనుకోవాల."

వజ్రమ్మ గొంతు చిన్నదైంది. "అంత గౌరవమైతే ఈ ఒక్క ఏడు మీరు తీసుకోండన్నా. పేతురు పేరు మాకియ్యండి."

రాజమాణిక్యం వాకిట్లో నుంచి గిర్రున తిరిగినాడు. చెప్పులేసుకోని విసురుగా వెళ్ళిపోయినాడు. సందు తిరిగే లోపల ఆ మాట కాలనీ అంతా చేరింది, పొద్దు గూకే లోపల వీధి కూడా చేరింది.

మరసటి రోజు నుంచి వజ్రమ్మ ఇంటికి నూలు రాలేదు. ఎవురూ ఇయ్యమని చెప్పలేదు, తగాదా పెట్టుకోలేదు, ఊరికే రాలేదు. కాలనీలో మొగోళ్ళు వచ్చి గొణిగినారు. ఒక్క పేరు కోసరం అందరి రాట్నాలూ ఆపిస్తావా వదినా అని ఒకడు, ఏడాదికి ఒక్క సాయంత్రం గదా అక్కా, కన్ను మూసుకుంటే అయిపోతాది అని ఇంకొకడు. వజ్రమ్మ అందరికీ మజ్జిగ ఇచ్చి పంపింది. మాట మాత్రం ఇయ్యలేదు. పగలు చెనిక్కాయలు పీకే కూలికి పోయింది, సాయంత్రాలు ఖాళీగా ఉండే రాట్నం ముందర కూచుంది. నలభై ఏండ్ల అలవాటు, చేతులు ఊరికే ఉండమంటే ఉంటాయా?

అప్పుడు ట్రంకు పెట్టె తెరిచింది.

అడుగున చిన్నప్ప తుండ్లు. ఇరవై ఆరు. ఒక్కదాన్నీ ఆయప్ప వాడలేదు. చెమట తుడుచుకోను లేదు, నెత్తికి చుట్టుకోను లేదు, చలికి కప్పుకోను లేదు. ప్రతి ఏడూ తెచ్చి మడత విప్పకుండా పెట్టెలో పెట్టేవాడు. మంచి నూలు, మంచి నేత, అంచులో ఎర్రగా ఆ పేరు.

తుండ్లను చూస్తే వజ్రమ్మకు ఇంకొకటి గుర్తొచ్చింది. వాళ్ళ నాయన పోయినాక చిన్నప్ప మొదటిసారి కుర్చీలో కూచుని వచ్చిన సాయంత్రం. కాలనీ మొదట్లో కొళాయి ఉండాది. ఇంటికి రాకుండానే ఆయప్ప ఆడ నిలబడి, పంచ పైకి దోపుకోని, రెండు కాళ్ళూ కడుక్కుంటా ఉండాడు. మడమల నుంచి మోకాళ్ళ దాకా, ఓపిగ్గా, మట్టి పెట్టి రుద్ది మరీ. వజ్రమ్మ బిందెతో పోయి చూసి నవ్వింది. "ఇప్పుడే గదా సామి కడిగినాడు, మళ్ళీ ఏంది?"

"సామి కడిగింది నా కాళ్ళు గాదులే" అన్నాడు.

అంతే, ఇరవై ఆరేండ్లల్లో ఆ సంగతి గురించి ఆయప్ప అన్నది ఆ ఒక్క మాటే. ప్రతి ఏడూ పోయినాడు, పిలిస్తే లేచినాడు, కూచున్నాడు, వచ్చేటప్పుడు కొళాయి కాడ కడుక్కున్నాడు. వజ్రమ్మ మొదట్లో అదేదో ఆయప్ప చాదస్తం అనుకునింది. జననిని బడిలో పిలకాయలు యూదాసు బిడ్డా అని పిలిచినారని ఆ బిడ్డ ఏడ్చుకుంటా వచ్చిన రోజు అర్థమైంది. అర్థమై ఏం చేసింది? ఏమీ చేయలేదు. అది గుర్తొస్తే ఆయమ్మకు ఇప్పటికీ సిగ్గేస్తాది. ఆ తర్వాత కూడా మొగుణ్ణి పదహైదేండ్లు ఆ పేరు మీద పంపించింది, తుండు తెస్తే మడత చెడకుండా పెట్టెలో పెట్టింది.

సరే, అయిపోయింది అయిపోయింది. వజ్రమ్మ మొదటి తుండు ఒళ్ళో పరుచుకోని, సూది తీసుకోని, ఆ పేరు లాగడం మొదలుపెట్టింది.

నేత తెలియనోళ్ళకు ఒక మాట చెప్పాల. అంచులో అక్షరాలు బట్టలో భాగం గాదు. బట్టంటే పడుగు, పేక, నిలువు పోగూ అడ్డం పోగూ. అక్షరాల నూలు ఆ రెండింటి మీద అదనంగా ఎక్కించేది. తొందరపడి లాగితే బట్ట పట్టేస్తాది. ఓపిగ్గా వెనకవైపు నుంచి ఒక్కొక్క పోగూ వదులు చేసుకుంటా వస్తే, రంగు పోగు పాముపిల్ల మాదిరి జారుకోని వచ్చేస్తాది, బట్ట బట్టగా ఉంటాది. కండెలు చుట్టే చేతికి ఆ ఓపిక ఉండనే ఉండాది. రోజుకు ఒక తుండు. కూలి నుంచి రావడం, దీపం పెట్టడం, జపమాల చెప్పుకోవడం, ఒక పేరు లాగడం. వచ్చిన ఎర్ర నూలును ఒక కండెకు చుట్టి పెట్టింది. పారేసే బుద్ధి పుట్టలేదు, నూలు ఏం పాపం చేసింది.

ఈస్టరుకు వారం ముందర పామ్ సండే, దానికి ముందు రోజు జనని వచ్చింది. తిరువళ్ళూరులో ఒక ఆసుపత్రిలో నర్సు, అక్కడే హాస్టల్లో ఉంటాది. పెట్టె పక్కన తుండ్ల కుప్ప చూసి, ఒకటి చేతిలోకి తీసుకోని, చాలాసేపు అంచు మీద వేలు పెట్టి రుద్దింది.

"మా, ఎందుకిదంతా? నూలు గూడా ఆపినారంట. నువ్వు నా కాడికి వచ్చెయ్. తిరువళ్ళూరు గుడిలో ఎవురూ నువ్వు ఎవరి బిడ్డ అని అడగరు. ఇష్టం లేకుంటే మన కాలనీ గౌరి వాళ్ళ మాదిరి ఈ గుడి విడిచి ఏదన్నా పెంతెకోస్తు సభకు పోదాం. వద్దన్నోళ్ళ కాడ మనకేం పని?"

"వద్దన్నది ఎవురు? సామి అన్నాడా?"

"మనుషులన్నారు."

"ఇది నా ఇల్లే. నన్ను ఈ గుడిలోనే తొట్టి కాడ తలకు నీళ్ళు పోసి పేరు పెట్టినారు. నీకూ అంతే. మీ నాయన్ను ఈ మన్నులోనే పెట్టినాము. పెంకు కారుతుందని ఇల్లిడిసి పోతారా ఎవరన్నా? పైకెక్కి పెంకు సర్దుకుంటారు."

"ఎక్కేటప్పుడు జారి పడితే?"

"పడితే నువ్వు నర్సే గదా" అనింది వజ్రమ్మ. జననికి నవ్వొచ్చింది, నవ్వి ఏడ్చింది. ఆ రోజు తల్లీ బిడ్డా ఇద్దరూ కూచుని మిగిలిన పేర్లు లాగినారు. చిన్నప్పుడు బడిలో తనను ఏడిపించిన ఆ మూడు అక్షరాలను జనని తన చేత్తో ఊడదీసింది, మొదట గోరుతో గబగబా లాగబోతే వజ్రమ్మ చెయ్యి పట్టుకుంది. "మెల్లిగా" అనింది.

బుధవారం పొద్దున వజ్రమ్మ గుడి ఊడ్చి, పూలు మార్చి, సంచి తీసుకోని ఫాదర్ ఆఫీసు గదికి పోయింది. ఫాదర్ దినకర్ మొహం చూస్తే రెండు మూడు రోజులుగా నిద్ర లేనట్టు ఉండాది. ఆడోళ్ళు కూచోవచ్చు అన్నప్పుడు ఆయనకు పన్నెండు పేర్ల సంగతి ఇంత లోతని తెలియదు. ఇప్పుడు వీధోళ్ళు వచ్చి చెప్పిపోయినారు, పేరు మారిస్తే మేము రాము, ఈస్టరుకు గుడి ఖాళీగా ఉంటాది, మేత్రాణులకు, అదే బిషప్పుకు, జాబు రాస్తాము అని.

"కూచోమ్మా" అన్నాడు. "నీ మాట న్యాయమే. నేను కాదనను. కానీ ఇప్పుడే, ఈ వారమే మారిస్తే పంగు చినిగిపోతాది. ఒక్క ఏడు ఓర్చుకో. పండగ అయినాక నేను పెద్దలతో మాట్లాడతా."

"ఇరవై ఆరేండ్లు ఓర్చుకున్నాడు సామీ ఆయప్ప. ఓర్చుకునే పని మా ఇంట్లో అయిపోయింది."

సంచి తీసి తుండ్లన్నీ బల్ల మీద పరిచింది. బల్ల చాలక కుర్చీ మీద, కిటికీ గట్టు మీద కూడా పెట్టింది. ఫాదర్‌కు మొదట అర్థం గాలేదు. ఒకటి తీసి చూసినాడు, అంచులో పేరుండాల్సిన చోట తెల్లగా ఉండాది. ఇంకొకటి తీసినాడు, అది కూడా తెల్లగానే ఉండాది.

"చినిగిపోతాది అంటిరి గదా. ఇరవై ఆరు తుండ్లల్లో పేరు లాగేసినా. యాడన్నా చినిగిందేమో మీరే చూడండి" అనింది వజ్రమ్మ.

ఫాదర్ తుండు ఎత్తి కిటికీ వెలుగుకు పట్టినాడు. పేరున్న చోట పోగులు కాస్త వదులుగా, సన్నగా గీత మాదిరి కనిపించింది. రంధ్రం లేదు. రెండు చేతులతో పట్టి లాగినాడు, గట్టిగానే ఉండాది. చేపలోళ్ళ ఇంట్లో పుట్టినోడు, వలకు చినుగు యాడొస్తాదో చూసే చూపు ఆయనకు పుట్టుకతోనే ఉండాది. అన్నీ చూసినాడు, ఒక్కదాన్నీ విడిచిపెట్టలేదు.

"ఒక్కటి అడుగుతా సామీ, మీరు చదువుకున్నోళ్ళు. పన్నెండు పేర్లు పిలవాలని మీ పూజ పుస్తకంలో యాడన్నా రాసుండాదా?"

"లేదమ్మా. పేర్లు లేవు. పన్నెండు మంది అనే లెక్క కూడా లేదు."

"అయితే అది సామి మాట గాదు. మనుషులు పైన ఎక్కించిన నూలే."

ఫాదర్ చేతిలో తుండు బల్ల మీద పెట్టినాడు. తుండ్లు మడిచే పనిలో ఆయమ్మకు సాయం చేసినాడు. చివరికి, "రేపు రామ్మా. నాకు ధైర్యం రావాలని ప్రార్థన చెయ్" అన్నాడు.

"చేస్తా. మీరు కూడా చెయ్యండి" అని వజ్రమ్మ సంచి ఎత్తుకుంది. అవునన్లేదు, కాదన్లేదు ఆయన. ఇంటికి పోయినా ఆయమ్మ బుర్రలో అదే లెక్క. రేపు ఆ పేరే పిలిస్తే ఏం చెయ్యాల? లేచి పోతే చిన్నప్ప మాదిరి కొళాయి కాడ నిలబడాల. లేవకపోతే కుర్చీ ఖాళీ, కాలనీకి ఇచ్చిన కుర్చీని కాలనీనే తన్నిందంటారు, ఇంక ఎప్పటికీ ఇయ్యరు. రెండిట్లో ఏదీ ఆయమ్మకు పడలేదు.

పెద్ద బేస్తవారం నాడు వజ్రమ్మ చెనిక్కాయల కూలికి పోయింది. మధ్యాహ్నం దాకా పీకి, ఎండలో నడిచి వచ్చింది. మొహం కడుక్కుంది, తెల్లచీర కట్టుకుంది. కాళ్ళకు ఎర్రమన్ను అట్లనే ఉండాది, మడమ పగుళ్ళల్లో కూడా ఇరుక్కోని.

"మా, కాళ్ళు కడుక్కో" అనింది జనని.

"కడిగేదానికే గదా పిలిచినారు" అనింది వజ్రమ్మ. ఇరవై ఆరో తుండు, ఆయప్ప తెచ్చిన కడపటిది, నడుములో దోపుకోని బయల్దేరింది.

గుడి నిండింది. రామని బెదిరించిన వీధోళ్ళు కూడా అందరూ వచ్చినారు, ఏం జరుగుతాదో చూడకుండా ఎట్లుంటారు. మొగోళ్ళు కుడి పక్క, ఆడోళ్ళు ఎడమ పక్క చాపల మీద కూచున్నారు. పీఠం ముందర పన్నెండు కుర్చీలు. ఫాదర్ సువార్త చదివినాడు. ఏసుసామి నడుముకు తుండు చుట్టుకోని కాళ్ళు కడగబోతే, నువ్వు నా కాళ్ళు కడిగేదేంది అని పేతురు పంతం పట్టడం, అట్లయితే నీకూ నాకూ పొత్తు లేదు పొమ్మని సామి అనడం, ఆ దెబ్బకు పేతురు దిగివచ్చి తల కూడా కడుగు అనడం, అందరూ వందసార్లు విన్నదే. రాజమాణిక్యం కండ్లు మూసుకోని పెదాలు కదిపినాడు. ఒక్క మాట పొల్లుపోకుండా ఆయనకు వచ్చు.

తర్వాత ఫాదర్‌కు పూజలో సాయం చేసే ముసలి ఉపదేశి ఇన్నాసయ్య పాత నోటుబుక్కు తెరిచి పేర్లు పిలవడం మొదలుపెట్టినాడు. పేతురు. రాజమాణిక్యం లేచి పోయి కూచున్నాడు. అంద్రెయ, యాకోబు, యోహాను. ఒక్కొక్క కొత్త పంచా లేచింది, కూచుంది. పదకొండు అయినాయి.

"యూదాసు" అన్నాడు ఇన్నాసయ్య.

ఎవురూ లేవలేదు. ఇన్నాసయ్య కండ్లద్దాలు సర్దుకోని, ఇంకా గట్టిగా పిలిచినాడు. జనని తల్లి చెయ్యి గట్టిగా పట్టుకుంది. వజ్రమ్మ ఆ చెయ్యి మెల్లిగా విడిపించుకోని లేచి నిలబడింది.

"ఆ పేరు గలోళ్ళు మా ఇంట్లో ఎవురూ లేరు ఉపదేశన్నా." గొంతు చిన్నగానే ఉండాది, గుడి చివరిదాకా వినపడింది. "మా ఇంటాయన పేరు చిన్నప్ప. నా పేరు వజ్రమ్మ. ఈ గుడి తొట్టి కాడ పెట్టిన పేరు, ఈ గుడి పుస్తకంలో రాసుండాది. ఆ పేరు పిలవండి, వస్తా."

ఇన్నాసయ్య నోటుబుక్కు వైపు చూసినాడు, ఫాదర్ వైపు చూసినాడు. ఫాదర్ చెంబు కింద పెట్టినాడు. వజ్రమ్మ నిలబడే ఉండాది. ఆయమ్మకు కూచోవాలని లేదు, పారిపోవాలని లేదు, ఆ క్షణంలో భయం కూడా లేదు. పిలిస్తే వస్తా, పిలవకపోతే పొద్దు పొడిచేదాకా ఇట్లనే నిలబడతా అనుకునింది.

"ఇన్నాసయ్యా, ఆ బుక్కు మూసెయ్యండి" అన్నాడు ఫాదర్. "ఇంక ఈ గుడిలో తొట్టి కాడ పెట్టిన పేరే పిలుస్తాము. వజ్రమ్మా, రా తల్లీ."

ఆయమ్మ నాలుగడుగులు వేసేలోపల రాజమాణిక్యం కాళ్ళు రెండూ కుర్చీ కిందికి లాక్కున్నాడు. మొహం ఎర్రగా అయింది. "ఇట్ల తాతల మాట తీసేసేటట్టయితే, నా కాళ్ళు కడగొద్దు సామీ" అన్నాడు.

అప్పుడు ఆడోళ్ళ పక్క నుంచి, అదీ వీధి ఆడోళ్ళ మధ్య నుంచి, రాజమాణిక్యం సొంత పెద్దమ్మ సౌరమ్మ, తొంభై ఏండ్ల ముసల్ది, కిసుక్కున నవ్వింది.

"ఇన్నేండ్లకు మావాడు నిజంగా పేతురైనాడు" అనింది.

ముందు ఎవరికీ తట్టలేదు. తర్వాత ఒకరి నుంచి ఒకరికి పాకింది. ఇప్పుడే చదివినారు గదా, పేతురన్నది కూడా అచ్చం అదే మాట. అటు వీధోళ్ళు, ఇటు కాలనీవాళ్ళు, నోటికి కొంగులడ్డం పెట్టుకోని నవ్వు ఆపుకోలేకపోయినారు. నాలుగు సువార్తలు నోటికి వచ్చిన రాజమాణిక్యానికి తాను ఏమన్నాడో, దానికి ఏసుసామి ఏం జవాబు చెప్పినాడో అందరికంటే ముందే తెలిసిపోయింది. ఆయన ఏ ఊరి మీద కోపమైనా తెచ్చుకుంటాడు గానీ ఆ జవాబు మీద తెచ్చుకునే మనిషి గాదు. భక్తి నిజమైంది ఆయనది. తల దించుకున్నాడు. తర్వాత కుర్చీ కింద నుంచి కుడి కాలు మెల్లిగా ముందుకొచ్చింది.

"కడగండి సామీ" అన్నాడు, ఆయనకే వినపడనంత చిన్నగా.

ఫాదర్ పదకొండు జతల కాళ్ళు కడిగినాడు, ఒక్కొక్కర్నీ శిష్యుడి పేరు కాకుండా సొంత పేరు పెట్టి పిలిచి. పళ్ళెంలో నీళ్ళు ఎప్పటి మాదిరి తెల్లగానే ఉండాయి. పన్నెండో కుర్చీ కాడికి వచ్చి మోకాళ్ళ మీద కూచున్నాడు. వజ్రమ్మ కాళ్ళు చాపింది. చెంబులో నుంచి నీళ్ళు పడగానే పళ్ళెం ఎర్రగా మారిపోయింది. సౌరిపేట గుడిలో ఆ పళ్ళెం ఎప్పుడన్నా ఎరుపెక్కిందా? మొదటిసారి. ఫాదర్ వేళ్ళతో మడమ పగుళ్ళు రుద్దినాడు, చెంబు చాలక ఇంకొక చెంబు తెప్పించినాడు. వజ్రమ్మ నడుములో నుంచి చిన్నప్ప తుండు తీసి ఇచ్చింది. తెల్లంచు తుండుతో తుడిచి, పూజ పద్ధతి ప్రకారం వంగి ఆ పాదాన్ని ముద్దు పెట్టుకున్నాడు. ఆయన పెదిమకు కొంచెం మన్ను అంటింది, ఆయన తుడుచుకోలేదు.

వజ్రమ్మకు గర్వంగా ఉండాది. పెద్ద బేస్తవారం నాడు, సామి ముందర, గర్వపడేది పాపమేమో అని కూడా అనిపించింది. పాపమైతే రేపు ఒప్పుకుందాం లే, ఈ పూటకు ఉండనీ అనుకునింది. చాపల మీద నుంచి కాలనీ మొగోళ్ళు, మజ్జిగ తాగి పోయిన ఆ మొగోళ్ళే, తలలెత్తి చూస్తా ఉండారు.

పూజ అయినాక గుడి మెట్ల కాడ రాజమాణిక్యం ఎదురుపడినాడు. పక్కకు తప్పుకోని పోతాడనుకుంటే పోలేదు. ఆయమ్మ భుజం మీద తుండు అంచు పట్టుకోని, వెలుతురులో తిప్పి చూసినాడు. మనిషి ఎవురైనా నేతగాడు నేతగాడే.

"చినక్కుండా ఎట్ల లాగినావు?" అన్నాడు.

"మీ నేతే గదన్నా. గట్టిగా నేసినారు, అందుకే గట్టిగా నిలిచింది."

ఆయన తల ఊపినాడు. తుండు అంచు విడిచిపెట్టి, రెండడుగులు పోయి, తిరగకుండానే, "సోమవారం నూలు పంపిస్తా" అని వెళ్ళిపోయినాడు.

తల్లీ బిడ్డా కాలనీ వైపు నడిచినారు. కొళాయి కాడికి వచ్చేసరికి వజ్రమ్మ నిలబడింది. ఎవరో సరిగా కట్టలేదు, నీళ్ళు చుక్క చుక్కగా కారతా ఉండాయి. ఆయమ్మ వంగి కొళాయి గట్టిగా తిప్పి కట్టేసింది.

"కాళ్ళు కడుక్కోవా మా?" అనింది జనని. నాయన సంగతి ఆ బిడ్డకు కూడా తెలుసు.

"ఎందుకు? ఇప్పుడే కడిగినారు గదా" అనింది వజ్రమ్మ. "నా కాళ్ళే కడిగినారు."

చిన్నప్ప తుండు భుజం మీద సర్దుకోని ఇంటికి పోయింది.